పులి ఫొటోకి ఎంత లెన్సు?

సఫారీకి వెళ్తున్నామని చెప్పామో లేదో, తెలిసినవాళ్లంతా ఇచ్చిన సలహా ఒక్కటే... ‘ఎంత పెద్ద లెన్సు దొరికితే అంత పెద్దది పట్టుకెళ్లు’ అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 600 ఎంఎం ఎఫ్‌ 4 లెన్సు ధర పది లక్షల పైమాటే, బరువేమో దాదాపు మూడు కిలోలు. ఆ డబ్బుతో మా ఇంటిల్లిపాదీ ఏళ్ల తరబడి అడవులు చుట్టి రావచ్చు!

మేం వెళ్లింది మహారాష్ట్రలోని తాడోబాకి. బల్లార్షా దాకా రైల్లో వెళ్తే అక్కణ్నుంచి ఎంతో దూరం కాదు. నాన్నకు డెబ్భై దగ్గరపడుతున్నాయి, మోకాళ్లు సహకరించట్లేదు. అడవిలో పులిని చూడాలన్నది ఆయన చిన్నప్పటి కోరిక. మళ్లీ తీసుకెళ్లగలనో లేదో... అందుకే పులి కనిపించే ఆ కాసేపూ ఫొటోలో దొరకాలన్నది నా తాపత్రయం.

అడవిలో దూరమొక్కటే సమస్య కాదు. జిప్సీ గేటు దాటేది తెల్లవారుజామున. వెదురు పొదల్లో, టేకు చెట్ల కింద వెలుతురు అంతంతమాత్రం. ఎఫ్‌ 2.8 లెన్సు లోపలికి వదిలే వెలుతురులో ఎఫ్‌ 5.6 లెన్సు వదిలేది నాలుగో వంతే. అలాగని 2.8కి వెళ్తే ధరా బరువూ రెండూ పెరుగుతాయి. ఇప్పటి కెమెరాల్లో ఐఎస్‌ఓ పెంచుకోవచ్చు, కాస్త గ్రెయిన్‌ కనిపిస్తుంది. నన్నడిగితే చెదిరిన బొమ్మకన్నా అదే నయం. ఇక ఎండ ముదిరాక నేలనుంచి లేచే వేడిగాలికి దూరాన ఉన్న జంతువు నీళ్లలో నీడలా వణుకుతుంది. దానికి ఏ లెన్సూ మందు కాదు.

అన్నీ చూసుకుని 100-400 జూమ్‌ అద్దెకు తెచ్చా. మూడు రోజులకు ఐదు వేలు కూడా కాలేదు. నా కెమెరా సెన్సర్‌ చిన్నది కాబట్టి 400 దగ్గర పెడితే ఫుల్‌ఫ్రేమ్‌ మీద 600 లెన్సు చూపించినంత దగ్గరగా చూపిస్తుంది. ఆరుగురు కూర్చునే జిప్సీలో ట్రైపాడ్‌కి చోటెక్కడిది? గుడ్డసంచిలో రెండు కిలోల బియ్యం పోసి, దానిమీద లెన్సు ఆనించా. (ఇంటికొచ్చాక అమ్మ ఆ బియ్యంతోనే పులిహోర చేసింది!) దుమ్ములో లెన్సు మార్చడం మంచిది కాదని 18-55 లెన్సున్న పాత కెమెరాని నాన్న చేతికిచ్చా.

మూడో ట్రిప్పులో కొండముచ్చులు అరిచాయి. డ్రైవర్‌ ఇంజిన్‌ ఆపేశాడు. కాసేపటికి వెదురు పొదల్లోంచి ఆడపులి దారి మీదకొచ్చి, మావైపే నడిచింది. 400 నుంచి వెనక్కి తిప్పుతూనే ఉన్నా. జిప్సీకి పదిహేను అడుగుల దూరంలో ఆగేసరికి 100 దగ్గర కూడా ముఖం, భుజాలే పట్టాయి. పక్క బండిలో పెద్ద లెన్సున్నాయన కెమెరా ఒళ్లో పెట్టుకుని కళ్లతో చూస్తూ ఉండిపోయాడు.

నా ఫొటోలో పులి మీసాలు లెక్కపెట్టొచ్చు. అది దారి మీదకొచ్చిన క్షణంలో నాన్న తీసిన ఫొటోలో వెదురు పొదలు, మట్టిదారి, ముందు బండిలో వాళ్ల టోపీలు, వాటి మధ్య చిన్నగా పులి. రెండూ ప్రింటు వేయించాం. ఇంటికి ఎవరొచ్చినా ఆయన తనదే ముందు పెడతారు. ‘ఇదిగో మేమిక్కడ, అదక్కడ’ అంటూ ఫొటో మీద జానతో కొలిచి మరీ చూపిస్తారు.