గురి తప్పిన గుండు యాడికి పోతాది?

పోస్ట్ కొంచెం పెద్దది. శుక్రవారం కదా, బట్టలు ఉతుక్కుని తీరిగ్గా చదవండి.

రెండు నెలలుగా మా తమ్ముడు నాకు పంపేది ఒకటే, రైఫిల్ వీడియోలు. గుడ్ మార్నింగ్ మెసేజ్ కూడా మానేసినాడు. మాది రాయచోటి పక్కన పల్లె. శెనిక్కాయ వేస్తాం. కాయ ఊరే టైముకి అడివి పందులు దిగతాయి. ఒక్క రాత్రిలో ట్రాక్టర్ తోలినట్టు చేసి పోతాయి. పోయినేడు నేను ఇక్కణ్ణుంచి పంపిన దినార్లతో వేసిన పంటలో సగం వాటికే పెట్టినాం.

"అన్నా, ఆడ షేకులు వేటకి పోతారు కదా. మంచి బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఒకటి చూడు. రేటు తక్కువుండాల, గురి తప్పకూడదు. వచ్చేటప్పుడు తెచ్చెయ్" అంటాడు. దజీజ్ లులూలో మిక్సీ కొన్నట్టు అనుకున్నాడు వాడు.

నాకు తుపాకుల గురించి ఏం తెలుసు? దజీజ్‌లో గోడౌన్ పని నాది. పక్క బిల్డింగ్ గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేసే అన్న ఒకాయన ఉన్నాడు, గిద్దలూరు వైపాయన. మిలిటరీలో హవల్దారుగా రిటైరై వచ్చినాడు. పేరు రాయను, మేమంతా హవల్దారన్న అంటాం. డ్యూటీ దిగినాక ఆయన కుర్చీ పక్కన కూచుని, ఛాయ్ తాగుతా, ఆ వీడియోలన్నీ చూపించినా.

అన్న బాగా నవ్వినాడు. తర్వాత ఓపిగ్గా చెప్పినాడు. బోల్ట్ యాక్షన్ అంటే ప్రతి గుండుకీ చేత్తో బోల్ట్ వెనక్కి లాగి, ముందుకి తోసి, కిందికి తిప్పాల. గుండు పేలేటప్పుడు లోపల కదిలే సామాను తక్కువ, అందుకే గురి నిలబడతాది. తమ్ముడు పంపినవాటిలో టిక్కా అనే రైఫిల్ ఉంది. నాకు ఫర్వానియా హోటల్ గుర్తొచ్చింది కానీ అది ఫిన్లండ్‌లో తయారయ్యే రైఫిల్ అంట. 100 గజాల్లో మూడు గుండ్లు అంగుళం లోపల పడతాయని కంపెనీవాళ్లే గ్యారంటీ ఇస్తారంట. అమెరికావాళ్ల రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్ అంతకన్నా చవక. కట్టె బదులు ప్లాస్టిక్ వేసి, నునుపు మెరుపు తగ్గించి రేటు దించినారు గానీ బ్యారెల్ దగ్గర మోసం చెయ్యలేదు అన్నాడు.

"డబ్బంతా తుపాకీ మీదే పెట్టేవాడు తెలివితక్కువోడు అబ్బీ" అన్నాడు. నోటు ఒకటి మడిచి బ్యారెల్‌కీ కింద కట్టెకీ మధ్య దూర్చి జరిపి చూడాలంట. ఆగకుండా పోతే మంచిది. తగిలితే, బ్యారెల్ వేడెక్కే కొద్దీ గురి పక్కకి జరిగే అవకాశం ఉంది. ట్రిగ్గర్ ఈడ్చుకుంటా రాకూడదు, ఎండుపుల్ల విరిగినట్టు టక్కున పడాల. స్కోప్ బిగించే మౌంట్ లూజుగా ఉంటే ఎంత ఖరీదు రైఫిలైనా దండగ. తూటా బ్రాండ్ మార్చినప్పుడల్లా మళ్లీ గురి సరిచూసుకోవాల.

నేను బుద్ధిగా ఫోన్లో రాసుకుంటా ఉండా. అన్న ఉన్నట్టుండి అడిగినాడు.

"మీ మంచె నుంచి పంది ఎంత దూరంలో ఉంటాది?"

"40 గజాలు ఉంటాదేమో అన్నా."

"పందికి ప్రాణం పొయ్యే చోటు జానెడుంటాది. 40 గజాలకి అంగుళం గురి నీకెందుకు? అది సరే, పంది వెనకాల ఏముంది?"

వెనకాల కాలవ, కాలవ అవతల మా మామ వరసాయన చేను. ఆయనా రాత్రిళ్లు మంచె మీదే పడుకుంటాడు.

"మరి గురి తప్పిన గుండు యాడికి పోతాది?"

నాకు నోట మాట రాలేదు. రైఫిల్ గుండు కిలోమీటర్లు పోతాదంట. పందిని దూసుకుని కూడా అవతలికి పోవచ్చంట. 12 బోర్ గుళ్లయితే కొన్ని వందల గజాల్లో పడిపోతాయి. అవీ ప్రమాదమే, కానీ రెండిటికీ పోలికే లేదు అన్నాడు.

ఇంక చట్టం సంగతి. లగేజీలో తుపాకీ తీసుకుపోవడం నిషేధం. మకాం మార్చుకుని ఇండియాకి పొయ్యేవాళ్లకి ఒకదానికి సడలింపు ఉంది గానీ, అది ఏడాదిగా ఇక్కడ మన సొంతానిదై ఉండాల, ఇండియా లైసెన్సూ ఉండాల, డ్యూటీ కట్టాల. అకామా మీద బతికే మనకి ఇక్కడ సొంత తుపాకీ యాడిది?

ఇంటికాడ కొనాలంటే, ఇషాపూర్ సర్కారు ఫ్యాక్టరీ చేసే పాయింట్ 315 బోల్ట్ యాక్షన్ ఉంది. పాత లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతి, మ్యాగజైన్లో 5 గుండ్లు. టిక్కాతో పోటీ పడదు గానీ పంది దూరానికి ఎక్కువే. కాకపోతే 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్లో పంట కాపలాకి రాసింది మందు దట్టించే మజిల్ లోడర్. అది చాలదని అధికారి ఒప్పుకుంటే 12 బోర్ లాంటి నున్న గొట్టం తుపాకీ. రైఫిల్ కావాలంటే వేరే గట్టి కారణం చూపించాల. పోలీసు ఎంక్వైరీ సరే, ఎలక్షన్ వస్తే స్టేషన్లో అప్పజెప్పమంటారు. ఇంకో మాట, లైసెన్సు తుపాకీకే, పందికి కాదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పందిని కొట్టడానికి అటవీశాఖ పర్మిషన్ వేరే కావాల.

ఇదంతా తమ్ముడికి వాయిస్ మెసేజ్‌లో చెప్పినా. వాడు "అయితే నాటు తుపాకీ ఇప్పిస్తానని ఒకాయన చెప్పినాడు, తొందరగా అయిపోతాది" అన్నాడు.

నాకు కడుపులో కాలింది. లైసెన్సు లేని తుపాకీ దొరికితే 2 నుంచి 5 ఏళ్లు జైలు. అవతల శేషాచలం, ఎర్రచందనం. రాత్రిపూట నాటు తుపాకీతో కనపడితే పందుల కోసం అంటే నమ్మేదెవరు? పైగా వాడు కువైట్ రావాలని పాస్‌పోర్ట్ పెట్టుకుని ఉన్నాడు. పోలీస్ క్లియరెన్స్ లేకుండా ఇక్కడికి వీసా పడదని మనకందరికీ తెలుసు. కేసు ఒకటి పడితే, మా అమ్మ నగలు కుదువ పెట్టి తెచ్చిన డబ్బు ఏమైపోవాల? అరిచినా. నాటు తుపాకీ ఇంట్లోకొస్తే నా కాడ్నించి ఒక్క ఫిల్స్ రాదు అన్నా. కరెంటు తీగ పెడతానన్నా కూడా అదే మాట చెప్పినా. తీగకి పందే తగులుకుంటాదని ఏముంది?

12 రోజులు ఫోన్ చెయ్యలేదు వాడు.

మొన్న రాత్రి చేసినాడు. "అన్నా, మన మంచె నుంచి మామ మంచెకి అడుగులేసి కొలిచినా. 130 పడినాయి" అన్నాడు. కొంచెంసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. తర్వాత వాడే "12 బోర్‌కే దరఖాస్తు పెడదాం" అన్నాడు. ఈలోపు సోలార్ కంచెకి డబ్బు పంపినా. అది చాలదని వాడి గొడవ, ఉండేది అంతే అని నా గొడవ.

మీలో ఎవరింట్లోనన్నా పంట కాపలాకి లైసెన్సు వచ్చి ఉంటే, ఏమేం కాగితాలు అడిగినారో, ఎన్నాళ్లు తిప్పుకున్నారో చెప్పండన్నా. కాయ ఊరడానికి ఇంకా నెలే ఉంది.