ఎవరి కారండీ ఇది?

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వైపు పోయే రోడ్డు అప్పా జంక్షన్ దాటాక మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా మర్రిచెట్ల నీడలో సాగుతుంది. ఈ 46 కిలోమీటర్ల దారిలో తొమ్మిది వందల దాకా మర్రులున్నాయని లెక్కగట్టినవాళ్లున్నారు. రోడ్డు వెడల్పు చేస్తామంటే వాటిని కాపాడమని కోర్టుల దాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు. చిలుకూరు బాలాజీ గుడికి మలుపు తిరిగేచోట ఏ ఆదివారమో ఒక పాతకాలపు పెద్ద కారు వచ్చి ఆగిందనుకోండి. టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు పట్టుకునే దాని చుట్టూ చేరతారు. లీటరుకు ఎంతిస్తుందని వాళ్లలో ఎవరూ ముందుగా అడగరు. ఎవరి కారు అని అడుగుతారు. జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది: నిజాంగారిదట!

పాతకార్ల వ్యాపారం సగం ఈ 'అట' మీదే నడుస్తుంది. పాత బ్యూక్ కావచ్చు, యాభైల నాటి ల్యాండ్‌మాస్టర్ కావచ్చు, హైదరాబాద్ చుట్టుపక్కల దొరికిందంటే చాలు, దానికి ఒక నవాబు తగులుకుంటాడు. పూర్తిగా అబద్ధమని కొట్టిపారేయలేం. 1949లో జాగీర్లు రద్దయ్యాక దేవిడీల ఖర్చులు మోయలేని కుటుంబాలు ఎన్నో సామాన్లు అమ్ముకున్నాయి. అమ్ముడుపోయినవాటిలో కార్లూ ఉన్నాయి. కాకపోతే జాగీర్దారు ఇంటి నుంచి వచ్చిన బండికి రెండు చేతులు మారేసరికి నవాబు పేరు వస్తుంది, మూడో చెయ్యి మారేసరికి అది నిజాంది అయిపోతుంది. బండి పాతబడేకొద్దీ సొంతదారు హోదా పెరగడం ఈ వ్యాపారంలోనే చూస్తాం.

నిజంగా నిజాందే అయిన కారు ఒకటి ఉంది. పాతబస్తీలో చార్మినార్‌కు కూతవేటు దూరంలో, చౌమహల్లా ప్యాలెస్‌లో, పసుపుపచ్చ రంగులో మెరుస్తూ ఉంటుంది. అది రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్. 'సింహాసనం కారు' అని దానికి పేరు. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా, పైకప్పు గుమ్మటంలా ఉంటుంది. ఆసఫ్‌జాహీల జెండా పసుపు కాబట్టి ఆ రంగులో వింత లేదు. ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ కంపెనీ కారును పూర్తిగా తయారుచేసి అమ్మేది కాదు. డెర్బీ ఫ్యాక్టరీలో ఛాసిస్, ఇంజను తయారయ్యేవి. పైన బాడీ ఎవరిచేత కట్టించుకోవాలో కొనేవాడి ఇష్టం. ఈ కారుకు కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. ఆరు సిలిండర్ల ఆ ఇంజను ఏడు లీటర్ల పైచిలుకు. ఇవాళ మొయినాబాద్ రోడ్డు మీద కనిపించే మారుతీ స్విఫ్ట్ ఇంజను 1.2 లీటర్లు.

ఈ కారు ఆర్డరు ఇచ్చినవాడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. ఎక్కింది మాత్రం ఆయన కాదు. 1911 ఆగస్టు 29న ఆయన కన్నుమూశాడు. ఐదో జార్జి పట్టాభిషేక దర్బారుకు ఆ డిసెంబరులో ఢిల్లీ వెళ్లింది కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. రాజ్యంతోపాటు తండ్రి చెప్పి చేయించుకుంటున్న కారూ ఆయన చేతికే వచ్చింది. కాబట్టి సొంతదారుల జాబితాలో మొదటి పేరే, బండిలో ఒక్కసారైనా కూర్చోని మనిషిది.

రెండో పేరు ఇంకా విచిత్రం. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని 1937 ఫిబ్రవరి 22 సంచికలో టైమ్ పత్రిక ముఖచిత్రంగా వేసిన ఏడో నిజాం, తన మీద ఖర్చుపెట్టుకోవడంలో మహా పిసినారి. పాత షేర్వాణీ, మాసిన టోపీ కథలు హైదరాబాద్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి మనిషి చేతిలో సింహాసనం కారు వేడుకల బండిగానే మిగిలింది. అది తిరిగిన దూరం బహు తక్కువ. గంటకు ఇరవై మైళ్లు కూడా దాటకుండా ఊరేగింపులో నడిచే కారుకు అంత పెద్ద ఇంజను ఎందుకని అడిగితే, ఎంత నెమ్మదిగా పోయినా కుదుపు లేకుండా, చప్పుడు లేకుండా పోవడం సిల్వర్ ఘోస్ట్ గొప్పదనం. ఏనుగు అంబారీ దిగి కారెక్కిన రాజులకు కావలసిందీ అదే.

మూడో పేరు చెప్పడానికి మళ్లీ మొయినాబాద్ రావాలి. ఈ రోడ్డుకు ఒక పక్క గండిపేట, మరో పక్క హిమాయత్‌సాగర్. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచేసింది. అప్పుడు గద్దె మీద ఉన్నది మహబూబ్ అలీ ఖానే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద కట్టిన జలాశయం 1920లో పూర్తయింది. గండిపేట అని మనం పిలిచే ఆ చెరువు అసలు పేరు ఉస్మాన్‌సాగర్, అంటే ఏడో నిజాం పేరే. ఈసీ మీద కట్టిన రెండోది 1927లో పూర్తయింది. దానికి ఏడో నిజాం పెద్దకొడుకు హిమాయత్ అలీ ఖాన్ పేరు పెట్టారు. ఆజం జా అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. చెరువు ఆయన పేర మిగిలింది గానీ గద్దె దక్కలేదు. తండ్రి ఆయన్ను దాటించి మనవడు ముకర్రం జాను వారసుణ్ణి చేశాడు. 1967 ఫిబ్రవరి 24న ఉస్మాన్ అలీ ఖాన్ పోయాక బిరుదూ, ప్యాలెస్‌లూ, షెడ్లలోని కార్లూ అన్నీ తాత నుంచి మనవడికే వచ్చాయి.

ముకర్రం జా కథ మెకానిక్కులకు నచ్చుతుంది. దర్బారు పద్ధతులు ఆయనకు పట్టేవి కావు. ఇంజన్లంటే మాత్రం ప్రాణం. బుల్‌డోజర్లూ డీజిల్ ఇంజన్లూ విప్పి బిగించుకుంటూ, చేతికి గ్రీజు అంటుకుంటేనే హాయిగా ఉండేదట ఆయనకు. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. ఆస్తుల తగాదాలు కోర్టుకెక్కాయి. ఆయన ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం కొనుక్కుని వెళ్లిపోయాడు. పాత యంత్రాన్ని చూస్తే వదలలేని మనిషి, తాతగారి కార్లను హైదరాబాద్ షెడ్లలో దుమ్ముకు వదిలి వెళ్లాడు. టైర్లు చివికి, తోలు సీట్లు ఎలుకల పాలై, ఇంజన్లు పట్టేసి ఏళ్లకేళ్లు అలాగే పడి ఉన్నాయి అవి. ఏనుగు చచ్చినా వెయ్యే అంటారు. షెడ్డులో చచ్చిన కారుకు మాత్రం తుక్కు ధరే.

మళ్లీ ప్రాణం పోసింది, కాగితాల ప్రకారం చూస్తే, ఆ కారుకు ఏమీ కాని మనిషి. ముకర్రం జా మొదటి భార్య ఎస్రా విడాకుల తర్వాత ఏళ్లు గడిచాక తిరిగొచ్చి చౌమహల్లాను బాగుచేయించే పని నెత్తికెత్తుకుంది. 2005లో ప్యాలెస్ తలుపులు జనానికి తెరుచుకున్నాయి. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ అవార్డు వచ్చింది. సింహాసనం కారు చరిత్రలో నిజాంల కంటే ఆమెకే పెద్ద పీట వెయ్యాలి. రాజు కొనడానికి డబ్బుంటే చాలు. శిథిలాన్ని నిలబెట్టడానికి ఓపిక కావాలి.

ఇలా వరస తప్పకుండా ఈ కారు కథ చెప్పుకోగలుగుతున్నామంటే కారణం గుమాస్తాలు. ఫ్యాక్టరీ నుంచి వెళ్లిన ప్రతి ఛాసిస్‌కూ ఒక నంబరు, ఒక కార్డు ఉండేవి. ఎవరు ఆర్డరిచ్చారు, బాడీ ఎవరు కట్టారు, ఎప్పుడు పంపారు అన్నది దానిలో రాసేవారు. ఆ రికార్డులను ఇంగ్లండులోని రోల్స్‌రాయిస్ అభిమానుల క్లబ్బు ఇప్పటికీ భద్రంగా దాచింది. రాజుగారు షోరూమ్‌లో అవమానం పొంది, పగబట్టి రోల్స్‌రాయిస్‌లతో చెత్త ఎత్తించాడన్న కథ అందరూ వినే ఉంటారు. ఒకరు అది అల్వర్ రాజంటారు, ఒకరు పటియాలా అంటారు, మనవాళ్లు నిజామే అంటారు. అదే కథ అందరి పేర్లతో తిరుగుతోందంటే, దానికి ఛాసిస్ నంబరు లేదన్నమాట.

రిపేరు షెడ్డులోనూ ఇదే పద్ధతి. టింకరింగ్ చేసి, మెరుపు పెయింటు కొట్టించి, ఇంజను బోరు కొట్టించి 'అచ్చం కొత్తదానిలా ఉంది' అనిపించుకోవడం తేలిక. తెలిసినవాడు ముందు మెరుపునే అనుమానిస్తాడు. కార్లకు క్రోమ్ పూత వాడకంలోకి వచ్చింది 1920ల చివర. అంతకుముందు నికెలే. 1911 నాటిదని చెప్పే కారు లోహపు భాగాలు నీలంగా తళతళలాడుతుంటే ఎవరో దాన్ని 'బాగుచేశారు' అని అర్థం. పాత బాడీల లోపల ఉండేది చెక్క చట్రం. దాన్ని చెదలు తింటే పైన ఎంత రేకు అతికినా తలుపు సరిగా పడదు. తలుపు వేసి చూడండి, చప్పుడే చెబుతుంది.

ప్రభుత్వం 2021 జులైలో వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న సొంత కార్లూ మోటారుసైకిళ్లూ దీని కిందికి వస్తాయి. కొత్తగా రిజిస్టర్ చేయించాలంటే 20,000 రూపాయలు, తర్వాత 5,000. ఆర్‌సీ పదేళ్లు చెల్లుతుంది. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల పక్కన 'వీఏ' అని ఉంటుంది. ఈ బండిని రోజువారీ పనులకు వాడకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో, పెట్రోలు పోయించుకోడానికో తియ్యొచ్చు. అంటే మర్రిచెట్ల నీడన చేవెళ్ల దాకా షికారుగా వెళ్లి దోసె తిని వస్తామంటే రూలు ఒప్పదు. దారిలో పెట్రోలు బంకు ఉందనడం వేరే సంగతి.

మొయినాబాద్, చేవెళ్ల ఫామ్‌హౌసుల్లో షెడ్డు కట్టుకుని పాతకారు నిలుపుకోవాలని సరదాపడేవాళ్లకు స్థలం కొదవ లేదు. వాళ్లతో ఒక్క మాట. ఇంజను మెకానిక్‌కు చూపించే ముందు కాగితాలు అడగండి. పాత ఆర్‌సీ బుక్కు, ట్యాక్సు రసీదు, ఎవరి పెళ్లిలోనో కారు పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో, ఏది దొరికినా సరే. అమ్మేవాళ్లకూ ఇదే మనవి, తాతగారి ట్రంకుపెట్టెలోని ఆ చీటీలను పాతపేపర్లతో తూకానికి వెయ్యకండి. అసలు నిజాం కారు ఎలా ఉంటుందో ముందు చూసుకోవాలంటే చౌమహల్లాకు వెళ్లండి. శుక్రవారం మాత్రం సెలవు.