చంపితే పాపం... మరి వదిలేస్తే?

కోనసీమలో పిల్లిని చంపరు. చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలంటారు. కానీ, గోనెసంచిలో వేసి కాలవ దాటించేస్తారు! చంపకపోవడానికీ బతికించడానికీ మధ్య దూరమెంతో తెలియాలంటే ఈ పచ్చని సీమలో కాసేపు పిల్లుల వెంట తిరగాలి.

జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి, రావులపాలెంలో మలుపు తిరిగితే చాలు... లోకమే మారిపోతుంది. కొత్తపేట, అంబాజీపేట, అమలాపురం. దారి పొడవునా కాలవ, కాలవ మీదికి వంగిన కొబ్బరిచెట్లు, చెట్ల కింద అరటి, కోకో. వచ్చినవాళ్లంతా ఆత్రేయపురం పూతరేకులడుగుతారు, దిండి పడవలడుగుతారు, అంతర్వేది నరసింహస్వామి గుడికి దారి అడుగుతారు. పెంకుటింటి అరుగు మీద ఒళ్లు విరుచుకుంటున్న పిల్లి గురించి మాత్రం ఎవరూ అడగరు. నిజానికి ఈ సీమ సిరిసంపదలకు తరతరాలుగా అదే కాపలాదారు.

ఎలాగంటారా? పాతకాలపు మండువా లోగిళ్లలో అటక చూడండి. కురిడీ కొబ్బరి తయారయ్యేది అక్కడే. పండిన కాయల్ని నెలల తరబడి అటక మీద ఉంచితే లోపలి నీరు ఇంకి, కొబ్బరి చిప్ప వదిలి గుండుగా గలగలలాడుతుంది. పెరట్లో ధాన్యం పురి. వంటింట్లో ఉట్టి మీద నెయ్యి. ఎలుకకి ఇంతకంటే ఏం కావాలి? ఎలుక ఉన్నచోటికి పిల్లి రాకుండా ఉంటుందా! అందుకే ఇక్కడ పిల్లిని ఎవరూ కొనరు, పెంచామని కూడా చెప్పరు. ‘మా ఇంటి చుట్టూ తిరుగుద్దండీ’ అంటారంతే. ఆ ఇంటి గిన్నెలో ఇన్ని పాలు, ఈ ఇంటి అరుగు మీద ఓ చేప తలకాయ. ఈతకొచ్చిందంటే పిల్లల్ని నోట కరుచుకుని ఏడిళ్లు తిప్పుతుందని సామెత ఎలాగూ ఉంది.

బంగారు పిల్లి... గోనెసంచి

‘ఆయ్... పిల్లిని చంపితే పాపమండీ’. రాజోలు రేవులో అడిగినా, అమలాపురం బజారులో అడిగినా వినిపించే మాట ఇదే. తెలిసో తెలియకో పిల్లిని చంపినవాడు బంగారంతో పిల్లిబొమ్మ చేయించి దానం చేస్తేగానీ ఆ పాపం పోదని పెద్దలు చెప్పారు. ఎవరికి అంత బంగారం ఉంటుంది? కాబట్టి చంపరు. ఎవరూ చట్టం చేయకముందే పుట్టిన అభయం అది.

మరి నాలుగు పిల్లలు పెట్టి, ఆ నాలుగూ అటకంతా పాడుచేస్తుంటే? అప్పుడే గోనెసంచి బయటికొస్తుంది. కళ్లు సరిగ్గా తెరవని కూనల్ని అందులో వేసి, మూతి కట్టి, సైకిల్ వెనకో బండి ముందో పెట్టుకుని కాలవ అవతల ఊళ్లోనో, చేపల బజారు వెనకో, గుడి పక్కనో వదిలేసి వస్తారు. తిరిగి రాకుండా నీళ్లు దాటించాలన్నది లెక్క. కోనసీమలో నీళ్లకేం కొదవ! ‘దాని బతుకు అది బతుకుద్ది’ అని ఓ మాట అనుకుంటే మనసుకి కాస్త ఊరట. చేతికి నెత్తురంటలేదు. బంగారు పిల్లి బాకీ లేదు.

కానీ తల్లి లేని కూన దాని బతుకు అది బతకదు. పుట్టినప్పుడు అది దాదాపు వంద గ్రాములు. ఒంటి వేడిని తనంతట తాను నిలుపుకోలేదు. కళ్లు తెరవడానికే వారం నుంచి పది రోజులు. తల్లి నాకితే తప్ప మూత్రం కూడా పోయలేదు. అలాంటి దాన్ని చేపల బజారు వెనక వదిలేయడమంటే, చంపే పనిని ఎండకో వానకో కుక్కకో అప్పజెప్పడమే.

మందు పెట్టింది ఎలుకకే

పెద్దపిల్లికి మాత్రం గండాలు లేవా? ఉన్నాయి. ఈ సీమలో అన్నిటికన్నా పెద్దది కొబ్బరి తోటలోనే ఉంది.

చెట్టెక్కే నల్ల ఎలుక లేత కాయకు ముచ్చిక దగ్గర కన్నం పెడుతుంది. కాయ రాలిపోతుంది. కోకో కాయనూ వదలదు. రైతు కడుపుమంట అర్థం చేసుకోదగ్గదే. అందుకని కొబ్బరి మొవ్వులో బ్రోమాడయొలోన్ బిళ్లలు పెడతారు. వరి చేలలో అయితే జింక్ ఫాస్ఫైడ్ కలిపిన ఎర. బ్రోమాడయొలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు. నెత్తురు గడ్డకట్టే గుణం పోయి, కొన్ని రోజులకు నీరసించి నేల మీద తూలుతుంది. అంత తేలిగ్గా దొరికే వేట పిల్లికి ఇంకేముంటుంది? అలాంటి ఎలుకల్ని వరసగా తిన్న పిల్లి ఒంట్లోకీ మందు చేరుతుంది. తర్వాత నాలుగైదు రోజులకు చిగుళ్లు తెల్లబడి, ముక్కు నుంచి నెత్తురు కారి, ఏ గడ్డివామి కిందో ముడుచుకుపోతుంది. సమయానికి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే విటమిన్ కె1తో దక్కే అవకాశముంది. జింక్ ఫాస్ఫైడ్‌కి అలాంటి విరుగుడే లేదు.

ఎలుకని పట్టేదాన్ని ఎలుకమందుతో పోగొట్టుకుంటే మిగిలేది మళ్లీ ఎలుకలే! మందు లేకుండా మార్గమే లేదా అంటే ఉంది. ఆకులు ఒకదానికొకటి తగలని చెట్లకు మనిషెత్తున మాను చుట్టూ నున్నటి రేకు పట్టీ బిగిస్తే ఎలుక పైకి పాకలేదు. గోదావరి చేలలో వెదురు బుట్టలతో ఎలుకలు పట్టే పనివాళ్లు ఎప్పట్నుంచో ఉన్నారు. మందు తప్పనిసరైనా, చచ్చిన ఎలుకల్ని ఏరి లోతుగా పాతిపెడితే సగం గండం తప్పినట్టే.

పిలిస్తే రాదు

ఇక గోదావరి. 1986 ఆగస్టు వరద పేరెత్తితే లంకల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఉలిక్కిపడతారు. 2022 జులైలో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వచ్చింది. లంక ఊళ్లు మునిగాయి. పి.గన్నవరం వైపు కనకాయలంక కాజ్‌వే అయితే పెద్ద వరద అక్కర్లేదు, ఓ మోస్తరు వరదకే నీళ్లలోకి వెళ్లిపోతుంది.

వరదొస్తే గేదెల్ని ముందే గట్టుకి తోలతారు. మేకల్ని పడవెక్కిస్తారు. కోళ్లని గంప కింద కమ్మి తెచ్చుకుంటారు. పిల్లి? పిలిస్తే రాదు, తాడు కడితే ఆగదు. నీళ్లు పెరిగేకొద్దీ అరుగు నుంచి అటకకి, అటక నుంచి పెంకుల మీదికి, అక్కణ్నుంచి చెట్టు మీదికి. మనుషులు పునరావాస శిబిరంలో ఉన్న నాలుగు రోజులూ దాని తిండి ఏమిటో ఎవరూ లెక్కకట్టరు. నష్టపరిహారం పట్టికలో గేదెకీ ఆవుకీ మేకకీ కోడికీ గడి ఉంటుంది. పిల్లికి ఉండదు. అది ఎవరిదీ కాదు కదా!

చంపని చోటు

‘ఎవరిదీ కాదు’ అన్న ఈ మాటకి జవాబు వెతకాలంటే అమలాపురం నుంచి రెండొందల కిలోమీటర్ల పైచిలుకు దూరం, విశాఖపట్నం వెళ్లాలి. కోనసీమను పెను తుపాను కుదిపేసిన 1996లోనే అక్కడ ప్రదీప్ కుమార్ నాథ్ ‘విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్’ని మొదలుపెట్టారు. అందరూ వీఎస్‌పీసీఏ అంటారు. వీధికుక్కల్ని కరెంటు పెట్టి చంపే పద్ధతి మానిపించి, ఆపరేషన్లు చేసి వదిలే పద్ధతికి నగరాన్ని మళ్లించడంలో దానిది ముఖ్య పాత్ర. తీరంలో సముద్ర తాబేళ్ల గుడ్లను కాపాడటం దాకా దాని పని విస్తరించింది. కుక్కలు, పిల్లులు, ఆవులు... ఏది వచ్చినా చోటు లేదనో ఖర్చనో చంపకపోవడం దాని నియమం. ఇలాంటివాటినే ‘నో కిల్ షెల్టర్’లంటారు.

ఈ ఆలోచన మనకు కొత్తేం కాదు. మద్రాసులో బ్లూక్రాస్ 1959లో పుట్టింది. హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో బ్లూక్రాస్ ప్రారంభించారు. అమెరికాలో షెల్టర్లు నిండినప్పుడల్లా ఆరోగ్యంగా ఉన్న జంతువుల్ని కూడా సూదిమందుతో చంపేసేవారు. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ఓ ఒప్పందం చేసుకుంది, పెంపకానికి పనికొచ్చే ఏ పిల్లినీ కుక్కనీ చంపబోమని. ఆ తర్వాతే ‘నో కిల్’ అన్న మాట ఊరూరా పాకింది.

వినడానికి ఎంత బాగుందో చేయడం అంత కష్టం. చంపకూడదనుకున్న మరుక్షణం తలుపు దగ్గర అట్టపెట్టెలు మొదలవుతాయి. రాత్రికి రాత్రి గేటు దగ్గర కూనల్ని పెట్టి పోయేవాళ్లకి అదో కాలవ అవతలి గట్టు! వచ్చినవాటిని వచ్చినట్టు అన్నిటితో కలపడానికి లేదు. పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ ఒక్క కూనతో లోపలికొస్తే గదినంతా ఊడ్చేస్తుంది. అందుకే కొత్తవాటిని రెండు వారాలు విడిగా ఉంచాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, తర్వాత నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోటి. పాలకూనలకైతే రెండు మూడు గంటలకోసారి, అర్ధరాత్రీ అపరాత్రీ లేకుండా సీసాపాలు. ఆవుపాలు పడవు, విరేచనాలవుతాయి. కూనల కోసమే తయారుచేసిన పాలపొడి కలపాలి. తాగాక తడిగుడ్డతో పొట్ట కింద మెల్లగా తుడవాలి... తల్లి నాలుక చేసే పని అది. రోజూ తూకం వేయాలి. పది గ్రాములు పెరిగితే ఆ పూటకి పండగ.

ఇంతా చేసి కాపాడినవి పెరిగి మళ్లీ పిల్లల్ని పెడితే? పిల్లి నాలుగైదు నెలలకే ఎదకొస్తుంది. రెండు నెలలు మోస్తుంది. ఈతకి నాలుగు చొప్పున ఏడాదికి రెండు ఈతలన్నా ఎనిమిది. అందులో సగం ఆడవైతే, మరుసటేడు తల్లితో కలిపి అయిదు పిల్లులు నలభై కూనల్ని పెడతాయి. అన్నీ బతకవనుకున్నా ఏ షెల్టరూ ఈ లెక్కకి తట్టుకోలేదు. అందుకే నో కిల్ షెల్టర్‌కి గుండెకాయ ఆపరేషన్ బల్లే! పట్టడం, గర్భం రాకుండా ఆపరేషన్ చేయడం, గుర్తుగా చెవి కొన కాస్త కత్తిరించడం, పట్టిన చోటే వదలడం. మచ్చికైనవాటికి ఓ ఇల్లు చూడటం. ఈ రెండూ సాగితేనే ‘చంపం’ అన్న మాట నిలుస్తుంది. లేదంటే ఆశ్రయమే ఓ పెద్ద గోనెసంచి అవుతుంది.

పదిరూపాయల జుల్మానా

చట్టం ఏమంటోందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువుని చంపినా, విషం పెట్టినా అయిదేళ్ల దాకా జైలు. మరి ఆకలిదప్పులతో అలమటించేలా జంతువుని వదిలేస్తే? 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం అదీ నేరమే. మొదటిసారికి జుల్మానా... పది రూపాయలకు తగ్గకుండా, యాభైకి మించకుండా! అంబాజీపేటలో రెండు బొండాలు కూడా రావు ఆ డబ్బుకి. మన పాప భయం ఎక్కడ ఆగిందో చట్టమూ దాదాపు అక్కడే ఆగింది.

అలాగని విశాఖ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. ప్రతి ఊరికీ షెల్టర్ కావాలనీ లేదు. ఇంటి చుట్టూ తిరిగే ఆడపిల్లికి నాలుగైదు నెలలు నిండగానే పశువైద్యశాలలో ఆపరేషన్ గురించి అడిగితే గోనెసంచితో పనే ఉండదు. జులై 6న ప్రపంచ జూనోసిస్ దినం. రేబిస్ టీకా సంగతి కనుక్కోవడానికి మంచి రోజు. రేబిస్ కుక్కతోనే కాదు, పిల్లి కరిచినా వస్తుంది. కరిచినా రక్కినా సబ్బుతో పావుగంట కడిగి ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

తిండి విషయంలో ఈ సీమ పిల్లులు అదృష్టవంతులే. పిల్లి మాంసాహారి. ఉత్త పాలూ అన్నంతో నెట్టుకొస్తే టారిన్ అనే పోషకం అందక చూపు, గుండె దెబ్బతింటాయి. ఉప్పూకారం లేకుండా ఉడికించిన చేప, కోడి ముక్కలు పెట్టొచ్చు. పులస తలకాయ ఎలాగూ దానిదాకా రాదు లెండి! చేపల పులుసు కలిపిన అన్నం మాత్రం వద్దు. అందులోని ఉల్లి, వెల్లుల్లి దాని నెత్తురులోని ఎర్రకణాల్ని దెబ్బతీస్తాయి. జ్వరమొచ్చిందని మన పారాసెటమాల్ ముక్క వేశారో, అది మందు కాదు... విషమే.

అన్నిటికీ మించి చేయాల్సింది ఒకటుంది. ‘మా ఇంటి చుట్టూ తిరుగుద్దండీ’ అనే చోట ‘మా పిల్లేనండీ’ అనడం. ఆ ఒక్కమాట అన్నాక టీకా గుర్తొస్తుంది, చచ్చిన ఎలుకని పాతిపెట్టాలని గుర్తొస్తుంది, వరదొచ్చిన రాత్రి పడవలో ఓ మూత ఉన్న బుట్టకి చోటూ దొరుకుతుంది. బంగారు పిల్లిని దానమిచ్చే స్తోమత అందరికీ ఉండదు. అటక మీది పిల్లిని అటక మీదే బతకనిచ్చే స్తోమత మాత్రం కోనసీమలో ప్రతి గడపకీ ఉంది.