బెల్టు బిగువు

వారానికొకసారి తీసే బండి. స్టార్టు చేయగానే కీచుమని అరిచేది, కాసేపటికి అదే సద్దుమణిగేది. మూడు వారాలు విననట్టే నటించాను. నాలుగో వారం నాన్నగారు పడక్కుర్చీలోంచి, "ఫ్యాన్ బెల్టు అరుస్తోంది. ఊరి బయట తెగితే గానీ నీకు వినపడదు కాబోలు" అన్నారు.

మాది 1976 నాటి అంబాసిడర్. దానికి ఫ్యాన్ బెల్టు ఎప్పుడూ నాన్నగారే మార్చేవారు, మా వాకిట్లోనే. టార్చిలైటు పట్టుకోవడం వరకే నా పాత్ర. వెలుగు పక్కకు తొలిగినప్పుడల్లా చీవాట్లు. అలా ఏళ్ళ తరబడి వెలుగు పట్టానే గాని, ఆ వెలుగులో ఆయన చేసేదేమిటో చూడలేదు. ఇప్పుడాయన వేళ్ళు వణుకుతున్నాయి. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నారు.

ఆదివారం బానెట్టెత్తి, ముందు బ్యాటరీ తీగ విప్పాను. డైనమో పైనున్న రెండు బోల్టులు, కింది పట్టీ బోల్టు వదులు చేసి, డైనమోను ఇంజను వైపు నెట్టితే బెల్టు వేలాడింది. ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటే దాటించి బయటికి లాగాను. లోపలి వైపంతా బీటలు. పక్కలు అద్దంలా మెరుస్తున్నాయి.

"ఆ మెరుపే అరిచింది. ఈ బెల్టుకు పట్టు అడుగున ఉండదు, పక్కల ఉంటుంది. పక్కలు నునుపెక్కితే జారుతుంది" అన్నారు నాన్నగారు. ఫ్యానూ, నీళ్ళ పంపూ, డైనమో, మూడూ ఈ ఒక్క రబ్బరు చుట్ట మీదే తిరుగుతాయి. అది తెగితే ఇటు రేడియేటరు మరుగుతుంది, అటు బ్యాటరీకి ఛార్జి ఆగిపోతుంది.

కొత్తది తొడిగి, మళ్ళీ జారకూడదన్న పట్టుదలతో డైనమోను బలంకొద్దీ బయటికి లాగి బిగించాను. వీణ తీగలా మోగింది. గర్వంగా తలెత్తేసరికి ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి నా పక్కన నిలబడి ఉన్నారు. పొడుగు వైపు నడిమధ్య బొటనవేలితో నొక్కి చూశారు.

"వదులు చెయ్యి. బిగువు తక్కువైతే బెల్టు అరుస్తుంది, అందరికీ వినపడుతుంది. ఎక్కువైతే బేరింగులు అరుగుతాయి, అది చాలాకాలం ఎవరికీ వినపడదు."

ఆ మాట తర్వాత ఆయన కాసేపు మౌనంగా ఉన్నారు. బెల్టు గురించే అన్నారో, మా ఇద్దరి గురించి అన్నారో నేను అడగలేదు. మళ్ళీ వదులు చేశాను. ఈసారి నా వేలు పెట్టించారు. అరంగుళం లోనికి పోయింది. "చాలు. నాలుగు రోజులు తిప్పాక మళ్ళీ చూడు, కొత్త బెల్టు సాగుతుంది" అన్నారు.

పాత బెల్టు పారేయబోతే వారించారు. దారిలో అవసరం పడితే పది మైళ్ళకైనా పనికొస్తుందట. డిక్కీలో పెట్టబోతే, స్టెప్నీ కింద కాగితంలో చుట్టిన మరో బెల్టు కనిపించింది. కాగితం మీద ఆయన గుండ్రటి అక్షరాలతో 2016 నాటి తేదీ, అప్పటి కిలోమీటర్లు.

"నువ్వూ రాసి పెట్టు" అన్నారు.

రాశాను. టార్చిలైటు ఆయనే పట్టుకున్నారు. వెలుగు కాగితం మీద వణుకుతూనే ఉంది. నేనేమీ అనలేదు.