జున్నుపాలు ఏరు దాటిన రోజు

మే నెలలో మా ఎనుము ఈనింది. ఆ కబురు కృష్ణకు అవతల కొల్లాపురంలో ఉన్న మా అన్న కూతురికి ఎవరు చేరేశారో గానీ, ఆ సాయంత్రమే ఫోను. "చిన్నాయనా, నాకు జున్ను తినాలనుంది." ఏడో నెల. కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగితే మా ఆళ్లగడ్డలో లేదనేవాళ్లు లేరు. ఎట్లాగూ శ్రీమంతానికి పోవాల్సినవాళ్లమే, కానీ దానికింకా పది రోజులుంది. జున్నుకు పనికొచ్చేవి మొదటి రెండు మూడు పూటల పాలు. పది రోజులకు ఎనుము మామూలు పాలే ఇస్తుంది.

"ఫ్రిజ్జులో గడ్డకట్టించి తీసుకుపోదాం" అన్నాను. అమ్మ మాట్లాడలేదు. దూడ తాగగా మిగిలిన పాలు మూడు ప్లాస్టిక్ సీసాలకు సరిపడా నా ముందు పెట్టింది. మొదటి సీసా మూతి దాకా నింపాను. తెల్లారి చూస్తే దాని అడుగు ఉబ్బిపోయి, నిలబెడితే పక్కకు ఒరుగుతోంది. నీళ్లు గడ్డకడితే నూటికి తొమ్మిది పాళ్లు పెరుగుతాయని బడిలో చదివిందే. పరీక్షలో రాశాను, సీసా దగ్గర మరిచాను. మిగతా రెండింటికీ నాలుగు వేళ్లు వెలితి వదిలాను.

ఇక దారి. కర్నూలు మీదుగా చుట్టు తిరిగిపోయే తారురోడ్డు ఒకటి. నంద్యాల, వెలుగోడు, ఆత్మకూరు దాటి సిద్ధేశ్వరం పోయి, శ్రీశైలం జలాశయం వెనకనీళ్లను పడవలో దాటి సోమశిలలో దిగడం రెండోది. అమ్మ రెండోదే అంది. ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్లలో మునిగి ఉండి, వేసవిలో నీళ్లు తగ్గినప్పుడే బయటపడే సంగమేశ్వరుడు ఆ దారిలోనే ఉన్నాడు. అక్కడి వేపచెక్క లింగాన్ని చూడకుండా అటువైపు పోయేది లేదని ఆమె పట్టు.

బండి మా అన్నది. ఒక పాత టెంపో ట్రావెలర్ కొని, వెనక సీట్లు పీకించి, పరుపు, గ్యాసు పొయ్యి, ఒక చిన్న ఫ్రిజ్ డబ్బా అమర్చుకున్నాడు. ఆయన దాన్ని యాత్రల బండి అంటాడు, మా వీధి పిల్లలు ఇల్లుబండి అంటారు. డబ్బా వైరు స్టీరింగు పక్కనున్న సాకెట్లో పెడితే పనిచేస్తుంది. "ఐసెందుకురా, ఫ్రిజ్జే ఉంటే" అన్నాడు. దాని వెనక కాగితం చదివాను. అందులో కంప్రెసర్ లేదు. కరెంటు పారితే ఒక మొహం చల్లబడి ఇంకో మొహం వేడెక్కే పలక, దానికో చిన్న ఫ్యాను. ఇట్లాంటి డబ్బాలు బయటి వేడి కంటే మహా అయితే 20 డిగ్రీలు తగ్గిస్తాయి. ఆ వారం మా ఊళ్లో 43. అందులోంచి 20 పోతే 23. పాలు విరిగిపోవడానికి అది చాలిన వేడే.

అందుకని నంద్యాలలో ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఆగాం. తెల్లవారుజామున అక్కడ ఉప్పునీళ్ల తొట్టిలోంచి రేకు డబ్బాలు పైకి లాగి, మామూలు నీళ్లలో ఒకసారి ముంచి బోర్లిస్తారు. దిమ్మె జారి నేల మీద పడుతుంది. అంచులన్నీ అద్దంలా ఉంటాయి, నడుమ మాత్రం పాలరాయిలా తెల్లటి చార. నీళ్లు అంచుల నుంచి లోపలికి గడ్డకడుతూ వస్తాయి. వాటిలోని గాలి, లవణాలు తప్పించుకుంటూ నడిమికి పోతాయి. ఇక పోవడానికి చోటు లేక చివరికి అక్కడే చిక్కిపోతాయి.

ఎనిమిది కిలోల ముక్క కొట్టించుకుని, చూరా కూడా చేసివ్వమన్నాను. ఫ్యాక్టరీ పెద్దాయన ఒప్పుకోలేదు. "చూరా చేస్తే చుట్టూ గాలి తగుల్తాది సామీ, ఊరికే కరిగిపోతాది. దిమ్మెనే పెట్టు. ఇంతకూ యాడికి, ఏముంది లోపల?" జున్నుపాలన్నాను. ఆయన లోపలికి పోయి దోసెడు కల్లుప్పు తెచ్చాడు. "ఒట్టి ఐసు పాలను గడ్డగా నిలబెట్టదు. సీసాల చుట్టూ మాత్రం కొంచెం చూరా ఏసి, ఈ ఉప్పు కలుపు."

ఆయన చెప్పింది లెక్క ప్రకారం కూడా నిజం. పాలలో చక్కెర, లవణాలు కరిగి ఉంటాయి కాబట్టి అవి సున్నా కంటే అర డిగ్రీ దిగువన గడ్డకడతాయి. కరిగే ఐసు సున్నా దగ్గరే ఉంటుంది. ఆ అర డిగ్రీ తేడా చాలు, ఐసు నడుమ కూర్చునే పాలు నీళ్లవడానికి. ఉప్పు కలిస్తే ఐసు త్వరగా కరుగుతుంది, కానీ కరిగే కొద్దీ తన వేడినే తాను మింగి మైనస్‌లోకి దిగుతుంది. పాళ్లు సరిగ్గా కుదిరితే మైనస్ 21 దాకా పోతుంది. కుల్ఫీ బండివాడి కుండలో జరిగేదీ ఇదే. ఒక కిలో ఐసు కరగడానికి తాగే వేడితో ఒక కిలో చన్నీళ్లను సున్నా నుంచి 80 డిగ్రీలకు కాచొచ్చు. ఐసు చల్లగా ఉండడం కంటే, కరగడానికి ఇంత ఖరీదు అడగడమే మనకు పనికొచ్చేది.

అమ్మ ఇంటి దగ్గర్నుంచి తడి గోనెసంచి తెచ్చింది, ఐసు పెట్టిన థర్మోకోల్ పెట్టెకు చుట్టమని. కుండకైతే తడిగుడ్డ మంచిది, నీరు ఆవిరై కుండ చల్లబడుతుంది. ఐసుకు అది పగ. తడి బయటి వేడిని నేరుగా లోపలికి మోస్తుంది. థర్మోకోల్ పెట్టెను పెద్ద చెక్కపెట్టెలో దించి, నడుమ సందులో కె.సి. కాలువ కింది వడ్ల పొట్టు, బాగా ఎండినది, కూరి నింపాం. పొట్టుకు చల్లదనమేమీ లేదు. దాని నడుమ చిక్కిన గాలి కదలదు, అంతే.

ఈ విద్య పాతదే. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వర్తకుడు చెరువుల మీద కోసిన ఐసును 180 టన్నులు టస్కనీ అనే ఓడలో నింపి కలకత్తా పంపాడు. నాలుగు నెలల ప్రయాణం, భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలి. చేరేసరికి ఇంచుమించు 100 టన్నులు మిగిలింది. మద్రాసుకు వచ్చే ఐసు కోసం 1842లో సముద్రం ఒడ్డున కట్టిన ఐస్‌హౌస్ ఇప్పటికీ ఉంది. ట్యూడర్ ఐసు కరగకుండా ఆపలేదు. ఎంత కరుగుతుందో ముందే ఒప్పుకుని, అంతకంటే ఎక్కువ ఎత్తాడు.

సిద్ధేశ్వరం చేరేసరికి పదకొండు. అన్న బండి ఒడ్డునే ఆగిపోయింది, దాని ఫ్రిజ్జూ ఆగిపోయింది. యూరప్‌లోనైతే ఇల్లుబండ్లు ఓడలోకే ఎక్కుతాయి. కానీ ఎక్కాక మంట భయానికి గ్యాసు కట్టేయాలి. గ్యాసుతో నడిచే ఫ్రిజ్జులు చల్లబరచకుండా ఊరికే నిలబడతాయి. అంత ఖరీదు బండివాళ్లకూ అప్పుడు మిగిలే ఉపాయం మాదే. ముందే గట్టిగా గడ్డకట్టించుకోవడం, సందు లేకుండా పేర్చుకోవడం, అవతలి ఒడ్డు దాకా మూత తియ్యకపోవడం.

పెట్టెను ఇద్దరు మోసి పడవలో పెట్టారు. "డబ్బల ఏమున్నయి సారూ, చేపలా?" అన్నాడు అవతలి ఒడ్డు పడవాయన. సోమశిలకు చేపలు మోసుకుపోయే వెర్రివాళ్లం కాదని అన్న చెప్పేసరికి పడవంతా నవ్వింది. అమ్మ మాత్రం వంగి నీళ్లు తాకి కళ్లకద్దుకుంది. 2007 జనవరిలో ఈ నీళ్లలోనే మంచాలకట్ట దగ్గర పడవ మునిగి 61 మంది పోయారు. ఇక్కడ వంతెనకు 2022లో కేంద్రం ఒప్పుకుంది, అంచనా వెయ్యి కోట్లు దాటింది. అది పూర్తయ్యేదాకా రెండు రాష్ట్రాల చుట్టరికాలు ఈ పడవల మీదే.

సోమశిల ఒడ్డున జీపు ఇంకా రాలేదు. చెట్టు కింద అమ్మ స్టీలు క్యారియర్ తెరిచింది. పెరుగన్నం. తెల్లవారక ముందే మెత్తటి అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపి మూత పెట్టింది. అప్పుడే పెరుగు పోసి కలిపి ఉంటే ఈ ఎండకు మధ్యాహ్నానికి నోట్లో పెట్టలేనంత పులిసేది. ఆమె పాలతో బయలుదేరదీసింది, దారిలో ఎండే దాన్ని తోడుపెట్టింది. గరిటెతో తీస్తే ముక్కగా వచ్చింది, పులుపు లేదు. నేను పెట్టె మీద చెయ్యి వేసి కూర్చుని, ఒక్కో నిమిషాన్నీ పగవాడిలా లెక్కపెడుతూ వచ్చాను. అమ్మ ఆ నిమిషాలతోనే వంట చేయించుకుంది.

కొల్లాపురంలో మూత తీస్తే ఎనిమిది కిలోల దిమ్మె అయిదు కిలోల చిల్లరగా ఉంది. ఉప్పు చూరాలో దించిన రెండు సీసాలు రాళ్లలా ఉన్నాయి. ఉబ్బిన సీసాను మాత్రం చోటు చాలక దిమ్మె పక్కన ఆనించాను. ఆ ఒక్కటి నీళ్లయింది, ఐసు చల్లదనానికి విరగలేదు. ఫ్యాక్టరీ పెద్దాయన మాటలోని అర డిగ్రీ అది. దాన్నే ముందు బెల్లం, మిరియాల పొడి, యాలకులు కలిపి ఆవిరి మీద పెట్టారు. జున్ను నిలిచింది. మా పిల్ల గిన్నె ఒళ్లో పెట్టుకుని, ఎవరికీ పెట్టకుండా తింది.

మా ఇంట్లో జున్నుపాలు అమ్మరు, పంచుతారు. పంపిన గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదు. వియ్యంపురాలికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మర్నాడు ఐసు పారబోసి, థర్మోకోల్ తీసి పక్కన పెట్టి, చెక్కపెట్టెలోని ఆ పొట్టులోనే కొల్లాపురం మామిడికాయలు, పచ్చివి, వరసలుగా పేర్చింది. "వీటికి ఐసు వద్దు అమ్మా, తొవ్వలనే మాగుతయి" అంది అమ్మతో.

ఆళ్లగడ్డలో మూడో రోజు పెట్టె తెరిచాను. పొట్టులో చెయ్యి దూరిస్తే లోపల వెచ్చగా తగిలింది. వాసన వీధిలోకి పోయింది.