ఇంటిల్లిపాది యాత్రలు – కష్టమును కొలుచు విధము

“దగ్గరే, సులువే” అను మాటను నమ్మి బయలుదేరిన కుటుంబములు గుట్ట సగము దాక పోయి కూలబడుట మన మెరుగనిది కాదు. ఆ మాట చెప్పినవా రసత్య మాడలేదు. వారికది సులువే. వారి చంకలో బిడ్డ లేదు. చేత అన్నపుగిన్నెల సంచి లేదు. వెంట మోకాళ్ళనొప్పుల అత్తగారు లేరు. ఇంటిల్లిపాదియు కదలినప్పు డీ మూడు భారములును తరచుగా గృహిణి మీదనే పడుచున్నవి. తుద కామె పిల్లలను, చెప్పులను కాచుచు గుట్టక్రిందనే కూర్చుండిపోవును. తక్కినవారు పైకెక్కి చూచివచ్చి వర్ణించి చెప్పుదురు. ఈ యన్యాయమునకు మూలము దుర్బుద్ధి కాదు. కష్టమును ముందుగా కొలువకపోవుటయే.

కొలుచుట కొక మంచి పద్ధతి విదేశపు టాట యొకదాని వలన మనకు లభించుచున్నది. ఉపగ్రహముల ద్వారా స్థలము నెరిగించు జీపీఎస్ సంకేతములలో అమెరికా ప్రభుత్వము బుద్ధిపూర్వకముగా కొంత తప్పును కలుపుచుండెను. 2000 సంవత్సరము మే 2వ తేదీన దానిని మానివేసెను. మరునాడే డేవ్ అల్మర్ అనునతడు ఆరెగాన్ రాష్ట్రములో నొక బకెట్టును దాచి, అది యున్న చోటి అక్షాంశ రేఖాంశములను లోకమునకు వెల్లడించెను. అట్లు పుట్టినది జియోక్యాచింగ్ అను నాట. చేతిలోని ఫోను చూపు గుర్తును బట్టి వెదకి, పెట్టె దొరకినచో నందలి చిన్నపుస్తకములో పేరు వ్రాసి, పెట్టెను యథాస్థానమున నుంచి వచ్చుటయే దీని పద్ధతి.

ఈ యాటలో ప్రతి పెట్టెకును రెండు వేర్వేరు అంకె లుండును. మొదటిది వెదకుటలోని కష్టము; రెండవది నడకలోని కష్టము. రెండును 1 మొదలు 5 వరకు, అర చొప్పున పెరుగును. నడకలో 1 అనగా చక్రముల కుర్చీలో నున్నవారును చేరగల చోటు. 5 అనగా త్రాళ్ళో, పడవయో, మరి యే ప్రత్యేక సాధనమో లేనిదే చేరరాని చోటు. వెదకుటలో 1 అనగా పోగానే కనబడునది; 5 అనగా ఆరితేరినవారికిని తల తిరుగునది. ఈ రెంటిని కలుపకుండుటలోనే తెలివి యున్నది. నడక సులువై వెదకుట కష్టమైనచో తాతగారును మనుమరాలును కలసి బుద్ధికి పదును పెట్టుకొందురు. వెదకుట సులువై నడక కష్టమైనచో కాళ్ళలో బలమున్నవారికే యది తగును. “మొత్తముమీద మధ్యరకము” అని చెప్పినచో నుభయులును మోసపోవుదురు.

ఈ కొలతబద్దను పట్టుకొని, 2016 అక్టోబరు 11వ తేదీన పాత వరంగల్లు జిల్లా విభజనలో నేర్పడిన మూడు జిల్లాలను చూతము. అంకెలు నేను వేసినవి. మీ యింటివారిని బట్టి మీరు మార్చుకొనవచ్చును.

జనగామ జిల్లాలో పాలకుర్తి, బమ్మెర యొకే మండలములోని యూళ్ళు. మొదటిది బసవపురాణకర్త యగు పాల్కురికి సోమనాథుని పేరుతోను, రెండవది భాగవతమును తెనిగించిన పోతన పేరుతోను ముడిపడియున్నవి. బమ్మెరలో నడక యూరినేల మీదనే, 1½ చాలును. పాలకుర్తిలో సోమేశ్వరస్వామియు లక్ష్మీనరసింహస్వామియు గుట్టమీద వెలసియున్నారు. గుట్ట యనగానే 2½ వేయుదును. బండి యెందాక పోవును, అటుపై మెట్లెన్ని, నడుమ నీడ గలదా యను మూడు ప్రశ్నల కుత్తరము తెలిసిన పిమ్మటనే పెద్దవారిని వెంటబెట్టుకొని పోవలెను.

మహబూబాబాదు జిల్లాలోని బయ్యారం చెరువును గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ త్రవ్వించెను. ఆ చెరువు శాసనమే కాకతీయుల వంశక్రమమును తెలిసికొనుటకు చరిత్రకారులకు ముఖ్యాధార మయ్యెను. ఒక స్త్రీ చేసిన ధర్మకార్యము ఒక రాజవంశపు చరిత్రను కాపాడిన దనుట మన పిల్లలకు చెప్పదగిన మాట. చెరువుకట్ట మీది నడక 2 మించదు. కాని నీటియంచున బిడ్డలున్నంతసేపు పెద్దవారొకరు రెప్పవాల్చక నిలువవలెను. ఆ యొక్కరు కోల్పోవు విశ్రాంతిని కూడ కష్టములో లెక్కింపవలెను.

ఆ జిల్లాలోనే గూడూరు మండలములో భీమునిపాదము జలపాత మున్నది. నీరు సుమారు 70 అడుగుల యెత్తునుండి దుముకును. భీముని యడుగు పడిన చోటని స్థానికుల నమ్మకము. వానలు కురిసిన దినములలో దాని యందమే యందము. చిక్కేమనగా, చూడదగిన కాలమే కాలుజారు కాలము. అందుచేత నేల యెండియున్నప్పుడు 2½, తడిసినప్పుడు 3½ వేయవలెను. రెండు చేతులును ఖాళీగా నుండవలసిన చోటది; చంటిబిడ్డ నెత్తుకొని తడిరాళ్ళ మీదికి దిగరాదు.

భూపాలపల్లి జిల్లా గణపురములోని కోటగుళ్ళు కాకతీయుల కాలపు 22 గుళ్ళ సముదాయము. చుట్టును రెండు ప్రాకారములు కలవు. ఎత్తైన గడపలను, రాతి యరుగులను తలచి నడకకు 2 వేయుదును. వెదకుటకు మాత్రము 3. ఏనుగునెక్కిన సగము నరుడు, సగము సింహమగు రూప మొకటి యచట గలదు. అది యెచట నున్నదో కనుగొమ్మని పిల్లలతో ననుడు. పెట్టె యక్కరలేకయే వేట సాగును. అవ్వ యరుగుమీద కూర్చుండియే పాల్గొనగలదు.

రేగొండ మండలములోని పాండవులగుట్ట యిందుకు భిన్నము. ఇచటి బండనీడలలోని ఆదిమానవుల చిత్రములు 1990లో వెలుగులోనికి వచ్చినవి. జేగురురంగుతో గీసిన జింకలు, అడవిదున్నలు, చిరుతలు వానిలో గలవు. చిత్రములన్నియు నొకచోట లేవు. కొన్నింటి దాక నడక 3, మరికొన్నింటి దాక 4. నిటారు బండలను త్రాళ్ళతో నెక్కువారికి 5. ఒకే గుట్టకు నిన్ని యంకెలున్నప్పుడు “గుట్టకు పోదము” అనుట చాలదు. ఏ చిత్రము దాక యని ముందే తీర్మానించుకొనవలెను. బండలక్రింద ఫోను చూపు గుర్తు తప్పుట కలదు గనుక దారి తెలిసిన స్థానికు నొకని తోడు తీసికొనుట మేలు. చిత్రములను తాకుటయు, స్పష్టముగా కనబడుటకై వానిపై నీరు చల్లుటయు కూడదు.

నేలను త్రవ్వి పెట్టెను పాతరాదని యీ యాటకు నియమము. మనదేశమున దీనిని మరింత గట్టిగా పాటింపవలెను. గుప్తనిధుల దురాశతో పాత గుళ్ళను పెకలించువా రున్న కాలమిది. అట్టిచోట రాళ్ళు కదల్చుటయు, తెలియని పెట్టె నుంచుటయు అనుమానమునకు, కేసులకు దారితీయును. ప్రశ్నయే మన పెట్టె. జవాబే మన నిధి.

ఇక నంకె వేయునప్పుడు మరువరానివి మూడు. మొదటిది: కుటుంబములో బలవంతుని బట్టి కాక, అందరికంటె నెమ్మదిగా నడచువారిని బట్టి వేయవలెను. రెండవది: తిరుగుదారిని లెక్కింపవలెను, ఎక్కుట రొమ్మునకు శ్రమ, దిగుట మోకాళ్ళకు శ్రమ, పైగా నప్పటికి పిల్లలు నిద్రకు వచ్చి చంకనెక్కుదురు. మూడవది: కాలమును కలుపవలెను. 2025లో కాళేశ్వరమున సరస్వతీ పుష్కరములు మే 15 మొదలు 26 వరకు జరిగినవి. నడక కొద్దిదే యైనను మే నెల మధ్యాహ్నమున నదియిసుక కాలునప్పుడు 1½ దారి 3 దారి యగును.

అంకె హెచ్చుగా వచ్చినంతమాత్రమున యాత్రను మానవలెనని నా భావము కాదు. బరువును పంచుకొనవలెను. సంచి యొకరు, బిడ్డ నొకరు తీసికొనవచ్చును. ఎక్కలేని పెద్దలకడ నొకసారి తండ్రియు, మరియొకసారి తల్లియు నిలువవచ్చును. ఈ యేర్పాటు గుట్టక్రింద చేసికొనునది కాదు, ఇంటివద్ద చేసికొనునది. బయలుదేరుటకు ముందటి రాత్రి భోజనముల వేళ రెండంకెలు వేసి, “ఎవరెచట ఆగుదురు?” అని యడుగుడు. ఆ ప్రశ్నకు ప్రతిసారియు నొకే పేరు జవాబుగా వచ్చుచున్నచో, మార్చవలసినది గుట్టను కాదు, వంతును.