పంక్చర్ సాయిబు కొడుకు

మాది ఉండి. భీమవరం నుంచి ఆకివీడు వెళ్ళే దారిలో అబ్బాకి సైకిల్ షాపు ఉండేది. షాపంటే తాటాకు పందిరి, చెక్కపెట్టె, నీళ్ళ తొట్టి, గాలి పంపు. బోర్డు లేదు. అందరికీ అది 'సాయిబు కొట్టు'. అబ్బాకి ఒక పేరుందని నా స్కూలు సర్టిఫికెట్ చూసినవాళ్ళకి తప్ప తెలీదు. మర్యాదస్తులు 'సాయిబుగారూ' అనేవాళ్ళు. నా ఈడు పిల్లలు కూడా 'ఏం సాయిబూ' అనేవాళ్ళు. ఇంట్లో ఉర్దూ, బళ్ళో తెలుగు. కొట్లో గిరాకీతో బేరం తెలుగులో, నాకు తిట్లు ఉర్దూలో.

నాకు మొదట నేర్పింది వాల్వు బిగించడం. పంక్చరు వెయ్యడం తర్వాతి మాట. వాల్వు రిమ్ము చిల్లులోంచి తిన్నగా బయటికి రావాలి. టైరు ఎక్కించాక దాన్ని బొటనవేలితో ఓసారి లోపలికి నొక్కాలి. లేకపోతే వాల్వు మొదట్లో ఉండే దళసరి రబ్బరు మీద టైరు అంచు కూచుని అక్కడ ఉబ్బుతుంది. కాస్త గాలి కొట్టి, అప్పుడు నట్టు. అదీ వేళ్ళతో బిగిసినంతే. నాకేమో స్పానరు దొరికితే పండగ.

"ఇత్తా నక్కో కస్ రే, గలా కట్ జాతా!" అని అరిచేవాడు అబ్బా. అంత బిగించకు, మెడ తెగుద్ది అని. నిజమే. బిగించేకొద్దీ నట్టు వాల్వుని బయటికి లాగుతుంది, ట్యూబు మొదట్లో చిరుగుతుంది. మెడ దగ్గర తెగిన ట్యూబుకి అతుకు నిలవదు. కొత్త ట్యూబు వెయ్యాలి, ఆ డబ్బు మాదే. గాలి తక్కువున్న చక్రంలో టైరు జరిగి ట్యూబుని ఈడుస్తుంది, వాల్వు పక్కకి ఒరుగుతుంది. ఒరిగిన వాల్వు కంటబడితే అబ్బా ఆ సైకిలు వదిలేవాడు కాదు. గాలంతా తీసి సరిచేసేవాడు. దానికి డబ్బులు అడిగేవాడు కాదు. ఇంట్లో అమ్మీ మాత్రం అడిగేది.

పిన్నుకి వాల్‌ట్యూబు ఎక్కించడం ఇంకో విద్య. పిన్ను పక్కనున్న సన్న చిల్లుని ఆ రబ్బరు గొట్టం కప్పుతుంది. పంపు కొడితే రబ్బరు లేచి గాలికి దారిస్తుంది, లోపలి గాలే మళ్ళీ దాన్ని చిల్లుకి అదుముతుంది. నోటితో తడి చేసి ఎక్కించేవాళ్ళం. రోజాల్లో అబ్బా తొట్టిలో ముంచేవాడు. కొల్లేటి చేపల తట్టలు మోసే సైకిళ్ళయితే ఐసునీళ్ళు కారి కారి నట్టు తుప్పుతో అతుక్కుపోయేది. కిరసనాయిలు పోసి కూర్చోవడమే.

దీన్ని వుడ్స్ వాల్వంటారని, జపాన్, నెదర్లాండ్స్‌లలో రోజువారీ సైకిళ్ళకి ఇప్పటికీ ఇదే వాడతారని ఎన్నో ఏళ్ళకి చదివాను.

భీమవరంలో బి.ఎ.లో చేరేటప్పుడు ఫారంలో తండ్రి వృత్తి దగ్గర 'వ్యాపారం' అని రాశాను. అబద్ధం కాదు. కానీ పక్కవాడికి కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. పత్రికలో చేరాక ఎవరైనా అడిగితే 'స్పేర్‌పార్ట్స్' అనేవాణ్ణి.

2025 ఏప్రిల్ 14న హర్యానాలోని హిసార్ సభలో ప్రధాని మోదీ మాట్లాడారు. వక్ఫ్ ఆస్తుల్ని నిజాయితీగా వాడి ఉంటే ముస్లిం యువకులకి సైకిల్ పంక్చర్లు వేసుకుని బతకాల్సిన పని ఉండేది కాదన్నారు. డెస్కులో ఉర్దూ వచ్చినవాణ్ణి నేనే కాబట్టి హిందీ ప్రసంగం నా దగ్గరికే వచ్చింది. వక్ఫ్ ఆస్తులు అన్యాయమైపోయాయని మేమూ అంటూనే ఉన్నాం. నా కలం ఆగింది 'పంక్చర్' దగ్గర. నెట్లో మమ్మల్ని తిట్టడానికి ఎప్పట్నుంచో వాడుతున్న మాట అది. కోపం వచ్చింది. కానీ కోపం కన్నా ముందు నేను చేసిన పని, తలెత్తి చుట్టూ చూడడం, ఎవరికైనా తెలుసేమోనని. అబ్బా పనిని వాళ్ళకన్నా ముందే చిన్నచేసినవాణ్ణి నేను.

ఆ వారం ఉండి వెళ్ళాను. కొట్టు తీసేసి చాన్నాళ్ళయింది. అన్న కొడుకు పాత సైకిలుకి ట్యూబు మారుస్తూ నన్ను పిలిచాడు. అలవాటు చొప్పున స్పానరు తీశాను. అరుగు మీంచి అబ్బా చెయ్యి చాపాడు. ఇచ్చాను. తొడ కింద పెట్టుకున్నాడు. నట్టు వేళ్ళతోనే తిప్పాను.

హిసార్ మాట తనూ టీవీలో విన్నాడట. ఏమంటావని అడిగాను.

"ఇప్పుడు పంక్చరుకి ఎంత తీసుకుంటున్నారంట?" అన్నాడు.